4,200 రూపాయల జ్యూస్ కిట్టా, అమ్మ దించిన అటకా? ఉగాది క్లీన్స్ రివ్యూ

హాయ్ అండీ, అందరికీ నమస్కారం.

ముందు ఈ సీసా చూడండి. (ఖాళీ సీసా కెమెరాకి దగ్గరగా) 250 మిల్లీలీటర్లు. ఆకుపచ్చ మూత, మీద ఆకు బొమ్మ. రోజుకి 6 చొప్పున 3 రోజులకి 18 సీసాలు. ఆ మూడు రోజులూ తిండి మానేసి ఇవే తాగాలి, దాన్నే క్లీన్స్ అంటున్నారు. 4,200 రూపాయలు పోసి తెప్పించుకున్నా. దీని పక్కన ఇదిగో, మా పోపుల పెట్టె. నా పెళ్లికి అమ్మ పెట్టింది. ఈ రోజు రివ్యూ ఈ సీసాల కిట్టుదీ, అమ్మ దింపించిన మా అటకదీనూ. కంపెనీ పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు. ఇలాంటివి బెంగళూరులో వీధికొకటి ఉన్నాయి, అన్నిటి కథా దాదాపు ఇదే.

ఎందుకు కొన్నానంటే, ఉగాదికి రెండు వారాల ముందు యాప్‌లో నా పాత ఆర్డర్లు లెక్కపెట్టా. ఒక్క నెలలో 19. మేమిద్దరమే ఉండేది. బెంగళూరులో మేముండే మున్నేకొళాలలో గడప దాటితే కర్రీ పాయింటు, మలుపు తిరిగితే బిర్యానీ. వంటిల్లు ఉన్నది కాఫీకీ, మ్యాగీకీ అన్నట్టు తయారైంది. ఎండాకాలం వచ్చేస్తోంది, ఒంట్లో బరువుగా ఉంది, సరే ఒకసారి అంతా కడిగేసుకుందాం అనిపించింది. అనిపించిన పది నిమిషాలకే ఫోన్‌లో ఆ ప్రకటన ప్రత్యక్షం. మీకూ అవుతుంటుంది కదా!

మొదటి రోజు బాగానే గడిచింది. బాదం పాల సీసా నిజంగా రుచిగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. బీట్‌రూట్ సీసా తాగిన మర్నాడు పొద్దున బాత్రూమ్‌లో ఎర్రగా కనబడేసరికి గుండె ఆగినంత పనైంది. బీట్‌రూట్ రంగు కొందరికి అలా దిగుతుందట, ప్రమాదం ఏమీ లేదు. కానీ కిట్టుతో వచ్చిన కాగితంలో ఎక్కడా ముందే చెప్పలేదు మహానుభావులు.

రెండో రోజు పదకొండు గంటలకి తల పగిలిపోయింది. వాళ్ల చాట్‌లో అడిగితే, "మంచి సూచన మేడమ్, టాక్సిన్లు బయటికి పోతున్నాయి" అన్నారు. ఏ టాక్సిన్ అండీ, పేరు చెప్పండి అన్నా. ఒక ఆకు ఎమోజీ వచ్చింది. అంతే.

అసలు సంగతి చెప్తా వినండి. నేను రోజుకి మూడు ఫిల్టర్ కాఫీలు తాగే మనిషిని. కెఫీన్ ఉన్నట్టుండి మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. ఒళ్లు శుభ్రమవుతున్న గుర్తు కాదది, కాఫీ కోసం గోల. కింద దర్శినిలో, అదే నిలబడి తినే టిఫిన్ హోటల్లో, మా ఆయనతో బై-టూ కాఫీ, అంటే ఒకటే కాఫీ ఇద్దరం పంచుకుని తాగా. అరగంటలో నొప్పి పోయింది. టాక్సిన్లు కూడా అంతటితో ఊరుకున్నట్టున్నాయి.

మూడో రోజు సొరకాయ, కీరా, పుదీనా కలిపిన సీసా. ఇక్కడ కాస్త నెమ్మదిగా వినండి, వీడియో మొత్తంలో ముఖ్యమైన ముక్క ఇదే. ఒక గుక్క తాగా, చేదు. పుదీనా చేదు కాదు, నాలుక వెనక పట్టుకుని వదలని చేదు. వెంటనే ఉమ్మేసి సీసా సింకులో ఒంపేశా. సొరకాయ, కీరా లాంటి కాయల్లో ఒక్కోసారి కుకుర్బిటాసిన్ అనే పదార్థం ఎక్కువగా చేరుతుంది. ఆ చేదు దానిదే. వాంతులు, విరేచనాలు, రక్తం పడటం, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, దీని మీద నిపుణుల కమిటీనే వేసింది. ఇంట్లో రసం తీసేవాళ్లు ముందు చిన్న ముక్క కొరికి చూడండి. చేదుంటే కాయ మొత్తం పారేయండి. తేనె, నిమ్మకాయ కలిపి చేదు కప్పెట్టి తాగకండి. అప్పటికే తాగేసి కడుపులో తేడాగా ఉంటే చిట్కాలు వెతుక్కుంటూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి.

ఇక బరువు. మూడు రోజుల్లో 1.9 కిలోలు తగ్గా. ఎగిరి గంతేశా. మామూలు తిండి మొదలుపెట్టిన ఐదో రోజుకి 1.7 తిరిగొచ్చింది. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అని చక్కెర నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతో మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టి ఉంచుతుంది. తిండి తగ్గితే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వ, దాంతోపాటే నీళ్లూ పోతాయి. అన్నం తినగానే రెండూ వెనక్కి. అంటే నేను 4,200 పోసి కాసిని నీళ్లు అద్దెకి పంపించానన్నమాట. ఇక ఒంట్లో మలినాలంటారా, మన కిడ్నీలు రోజుకి దగ్గర దగ్గర 180 లీటర్లు వడగట్టి, అందులో లీటరున్నరో రెండో బయటికి పంపుతాయి. ఆ ఆకు బొమ్మ సీసా వాటికి నేర్పేదేముంది?

కిట్టుకి 10కి 2. ఒక మార్కు బాదం పాలకి, ఇంకోటి ఆ సీసాలు పెట్టి పంపిన ఐస్ సంచికి. ఇప్పుడు ఆఫీసుకి పెరుగు అందులోనే తీసుకెళ్తున్నా.

సరే, పండక్కి రెండు రోజుల ముందు అమ్మ అనంతపురం నుంచి దిగింది. ఫ్రిజ్ తలుపు తీసి మిగిలిన సీసాలు చూసింది.

"ఏంది మ్మే ఇవి? ఎవురికన్నా బాగలేదా?"

చెప్పా. అంతా విని, "నాక్కూడా రెండియ్యి, సూద్దాం" అంది. ఇవ్వలేదు. అమ్మ షుగర్ మాత్రలు వేసుకుంటుంది. ఆ మాత్రలు వేసుకుని అన్నం మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి ఈ రసాల్లోని పొటాషియం ఇంకో చిక్కు. గర్భిణులు, మందులు వాడేవాళ్లు వీటి జోలికి పోవద్దు, పోవాలనుంటే ముందు మీ డాక్టర్ని అడగండి.

ఇవ్వనన్నందుకో ఏమో, అమ్మ అటక వైపు చూసి అంది: "పేగులు కడుగుతాండావు గానీ, ముందు ఆ పైది దించు."

దించాం. మూడు గంటలు పట్టింది. నా నడుం ఇప్పటికీ గుర్తు చేస్తూ ఉంటుంది.

(ఫోన్‌లో తీసిన క్లిప్) ఇదిగో చూడండి, కందిపప్పు డబ్బా. అమ్మకైతే కందిబేడలు. పైకి బాగానే ఉంది. చెయ్యి పెడితే అడుగున గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గుత్తుల్లా వచ్చాయి, మధ్యలో సన్నటి బూజు దారాలు. పేపర్ మీద పోసి జల్లెడ పడితే, అదిగో, నడుస్తోంది చూశారా? పక్కన అలసందల్లో గింజ గింజకీ గుండుసూదితో గుచ్చినట్టు గుండ్రటి చిల్లు. పెసరట్టు వేస్తే పిండిలో వాసన ఎందుకొస్తోందా అని ఆర్నెల్లుగా అనుకుంటున్నా, పెసల డబ్బా కూడా ఇదే బాపతు.

ఇంకా ఏం దిగాయంటే, సగం సగం వాడిన చియా గింజల ప్యాకెట్లు మూడు. ఒక్కో జనవరికి ఒక్కోటి కొన్నట్టున్నా. క్వినోవా రెండు. మసాలా పొడులు పదకొండు. రెండేళ్ల కిందటి కారం, ఎరుపు పోయి ఇటుక పొడిలా అయింది. నువ్వులు నోట్లో వేసుకుంటే పాత పెయింటు డబ్బా వాసన. పొయ్యి పక్కన స్టీలు గిన్నెలో సంక్రాంతి అరిసెలు వేయించిన నూనె, ఇంకా అలాగే! హోటళ్లకైతే వేపుడు నూనెలో పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగి పాడైనప్పుడు పెరిగే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. మన ఇళ్లలో కొలిచే మిషన్ లేదు కాబట్టి ముక్కూ కళ్లే దిక్కు. జిగటగా మారినా, నురుగొచ్చినా, తొందరగా పొగ లేచినా ఇక దానికి సెలవు.

పారేసేటప్పుడు ప్యాకెట్లు ప్యాకెట్లుగా బిన్‌లో పడేయకండి. చించి, పప్పులు తడి చెత్తలో, కవర్లు పొడి చెత్త సంచిలో. లేకపోతే పొద్దున్నే చెత్త బండక్క చేతిలో చీవాట్లు ఖాయం. నాకు పడ్డాయి. కన్నడలో మొదలుపెట్టి తెలుగులో ముగించింది ఆవిడ.

బాగున్న పప్పులకి అమ్మ ఆముదం పట్టించింది, రెండు చెంచాలు అరచేతిలో రాసుకుని పప్పంతా పులిమి. నేను నా పద్ధతిలో రవ్వ, శనగపిండి కొనగానే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెడుతున్నా, పురుగు గుడ్లు అందులోనే చస్తాయి. డబ్బాల మీద ఈ కాగితం టేపు అంటించి తేదీ రాస్తున్నా. గాజు జాడీలు కొనమని చెప్పే వీడియోలు కాదండీ మనవి. హార్లిక్స్ సీసాలు చాలు.

తర్వాత చేసిన పని చిన్నదే, కానీ నా లెక్కలో అసలు క్లీన్స్ అదే. చేతికి అందేవి మార్చా. పంచదార పైఅరలోకి, బెల్లం కూడా దాని వెనకాలే. వేయించిన శనక్కాయలు, జామకాయలు టేబుల్ మీదికి. ఫ్రిజ్‌లో అడుగు ట్రేలో పడుండి కుళ్లిపోయే ఆకుకూరలు కళ్లకెదురుగా మధ్య అరలోకి, కూల్‌డ్రింక్ సీసా ఆ ట్రేలోకి. ఆకలితో తలుపు తీసినప్పుడు మన చెయ్యి వెతకదు, ముందున్నది తీసుకుంటుంది. అది నా బలహీనత, దానికి తగ్గట్టే సర్దుకున్నా.

కూరలకి గాంధీ బజార్ వెళ్లాం. అంత దూరం ఎందుకంటే అమ్మకి వేపపువ్వు తాజాగా కావాలి. ఇక్కడివాళ్లు ఉగాదికి బేవు-బెల్ల, అంటే వేపపువ్వు, బెల్లం, ఇంతే నోట్లో వేసుకుంటారు. మనకి ఆరు రుచులూ పడాల్సిందే, మామిడికాయ దగ్గర్నుంచి. మిగిలిన వేపపువ్వు ఎండబెట్టి, నేతిలో వేయించి చారు పెట్టింది. మొదటి ముద్దకి మా ఆయన మొహం చూడాలి మీరు! వసంతంలో బరువైనవి, జిడ్డువి, పులుపు, తీపి తగ్గించమని పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు చెప్పాడు. మనం సరిగ్గా ఆ వసంతం మొదటి రోజే నేతి బొబ్బట్లు తింటాం. నేనూ నాలుగు తిన్నా, ఏం చేస్తాం.

ఇప్పుడు లెక్కలు. ఈ రోజు పండగ అయిన 46వ రోజు. ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, డబ్ల్యూహెచ్‌ఓ, అంటే తలకొట్టిన ఒక టీస్పూను. మా పాత ఆర్డర్లు చూస్తే కిలో ప్యాకెట్ 40 రోజులకి అయిపోతోంది. రోజుకి 25 గ్రాములు, ఇద్దరికి! అందులో ఆకుకూర కడిగిన నీళ్లలో పోయేది కొంత ఉంటుందనుకోండి. ఉగాది నాడు ప్యాకెట్ విప్పి తేదీ రాశా. పొద్దున తూకం వేస్తే 430 గ్రాములు మిగిలింది. మనిషికి 6 గ్రాముల చిల్లర పడింది. ఇంకా ఎక్కువే, పైగా ఊరగాయ, బయటి తిండి ఈ లెక్కలో లేవు.

నూనె ఇంకా కష్టం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్ వాళ్ల 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల తిండికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. రెండు పెద్ద చెంచాలు. మేం నెలకి 4 లీటర్లు వాడేవాళ్లం, ఇప్పుడు 2 మీద కాస్త. దీనికోసం 349 పెట్టి స్ప్రే సీసా కొన్నా, వారానికి మూతి పూడుకుపోయింది, కొనకండి. ఇదిగో ఈ 15 మిల్లీలీటర్ల కొలత చెంచా, 40 రూపాయలు. నూనె డబ్బాలోనే వేలాడదీశా. ఇది కొనండి.

తిండి విషయానికొస్తే, పొద్దున రాగి అంబలి నిలబడింది. ముందురోజు రాత్రి రాగిపిండి నీళ్లలో కలిపి పులియబెట్టి, తెల్లారి కాచి, చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ. రాగుల్లో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం. సీమవాళ్లకి, బెంగళూరువాళ్లకి దీన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు, ముద్ద, సంగటి పేరే తేడా. కొర్రన్నం మాత్రం నిలబడలేదు. రోజూ రాత్రి అదే పెడితే నాలుగో రోజు మా ఆయన కంచం ముందు కూర్చుని, "నేనేం తప్పు చేశాను?" అన్నాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లే. ఆర్డర్లు 19 నుంచి 7కి వచ్చాయి. ఆ 7లో 4 ఐపీఎల్ రాత్రులవే, ఒప్పేసుకుంటున్నా.

బరువు? 1.2 కిలోలు తగ్గింది, 46 రోజుల్లో. కిట్టు కంటే తక్కువే. కాకపోతే ఇది తిరిగి రాలేదు, ఇప్పటివరకైతే.

అటకకి 10కి 8. రెండు మార్కులు నడుంనొప్పికి కోత.

వచ్చే వారం అమ్మ మళ్లీ వస్తోంది, ఆవకాయ జాడీతో. ఉప్పు లెక్క చెప్పి, ఈసారి చిన్న సీసాలో తెమ్మన్నా. ఫోన్‌లో కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఆ అటక మీద కాలీ అయ్యింది గదా, ఎంత ఎత్తుంటాది?" అని.

కొలిచి చెప్పా. పదహారు అంగుళాలు.

ఉంటానండీ.