పైనుంచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది

(తెర మీద ఉపగ్రహ చిత్రం. కొండలన్నీ ముదురాకుపచ్చ.)

నమస్తే అండి. మారతహళ్లిలో నా గదిలో కూర్చుని చూస్తున్న ఈ కొండలు చామరాజనగర జిల్లాలోని బిళిగిరి రంగన బెట్ట. బెంగళూరు నుంచి దక్షిణానికి నాలుగైదు గంటల దారి. ఎంత పచ్చగా ఉన్నాయో! అడవికి ఢోకా లేదనే అనుకున్నాను నేనూ.

(చిత్రం దగ్గరికొస్తుంది. గడులు గడులుగా విడిపోతుంది.)

సెంటినెల్-2 ఉపగ్రహం పంపే చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు. ఆరోగ్యంగా ఉన్న ఆకు, మన కంటికి ఆనని పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది. ఆ లెక్కన గడిలో పచ్చదనం ఎంతో తేలుతుంది. అది ఉసిరి చెట్టుదో, లంటానా పొదదో చెప్పడమే కష్టం. మన ఊరిదారుల పక్కన రంగురంగుల పూలగుత్తులతో కనిపిస్తుందే ముళ్లపొద, అదే లంటానా. ఇక్కడ చెట్ల కింద నేలంతా అల్లుకుపోయింది. గొడుగు కింద ఎవరున్నారో మేడ మీదివాడికేం తెలుస్తుంది?

(కొండదారి. ఒక పెద్దాయన ముందు నడుస్తుంటాడు.)

తెలిసినవాళ్లు సోలిగలు, ఈ కొండల్లో తరతరాలుగా ఉంటున్న గిరిజనులు. పూర్వం ఎండుటాకులకు చిన్న నిప్పు పెట్టేవాళ్లు. 'తరగు బెంకి' అంటారు. 1974లో అభయారణ్యం అయ్యాక అది ఆగిపోయింది. లంటానా పెచ్చుమీరింది అందుకేనని వాళ్ల మాట. ఆ మాటలో పస ఉందనే నాకనిపిస్తుంది.

బెంగళూరులోని ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లతో కలిసి, జీపీఎస్ పట్టుకుని, సోలిగ పెద్దలు తమ వంశాల 'ఎల్లె'లన్నీ నడిచారు. మన 'ఎల్ల' మాటే అది. దేవుడి చోటు, మారమ్మ, 'అబ్బి' అనే నీటి ఊట, ఇలా 400కు పైగా పవిత్రస్థలాలు పటమెక్కాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2011లో సామూహిక హక్కుపత్రాలు చేతికొచ్చాయి. పులుల అభయారణ్యంలో అలా రావడం దేశంలో అదే మొదలు.

(మళ్లీ పటం.)

పాడేరు, అరకు వైపు నుంచి చూస్తున్నవాళ్లకు, మీరూ ఇలాంటి పటం గీయాలనుకుంటే, రెండు మాటలు. దట్టమైన చెట్ల కింద, లోయల్లో జీపీఎస్ చుక్క పక్కకు జరుగుతుంది. కాసేపు నిలబడి, ఒకటికి రెండుసార్లు తీసుకోండి. అంతకన్నా ముఖ్యం, పటంలో ఏది పెట్టకూడదో గ్రామసభే తేల్చాలి. తేనెపట్టు ఉన్న చెట్టు ఫోన్లోకెక్కిందా, ఆదివారానికల్లా బైకులు దిగుతాయి. మా బెంగళూరు బళ్లు కూడా!

(నేల మీద పరిచిన పెద్ద కాగితం. స్కెచ్ పెన్నులు.)

పటాన్ని ల్యాప్‌టాప్‌లో దాచకండి. అచ్చు తీయించి సభలో నేల మీద పరవండి. ఊటల పక్కనున్న లంటానాకు ఎర్ర పెన్ను. పీకడం అక్కడినుంచే.