హిట్ పాట వెనక ఇంకో పేరు

హోస్ట్: నమస్కారం. పాట పుట్టిన కథను ఆ పాట చేసినవాళ్ల నోటే వింటే ఆ ఆనందం వేరు. ఇవాళ అలాంటి కథలు కొన్ని మాట్లాడుకుందాం. పిల్లలకు లలిత సంగీతం నేర్పే మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, నమస్కారం.

మాస్టారు: నమస్కారం అమ్మా.

హోస్ట్: 'నాటు నాటు'తోనే మొదలుపెడతాను. పాటలో 90 శాతం సగం రోజులో వచ్చేసిందనీ, మిగతా 10 శాతానికి 19 నెలలు పట్టిందనీ చంద్రబోస్ గారు చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు.

మాస్టారు: అవును. విన్నవాళ్లంతా 'అబ్బ, సగం రోజులోనా!' అంటారు. నాకు మాత్రం ఆ 19 నెలల మీదే మనసు. ఆయన 1995లో 'తాజ్‌మహల్'తో వచ్చారు. అంటే అప్పటికే పాతికేళ్లుగా రాస్తున్న మనిషి. ఆ చివరి కొంచెం ఎలాగో పూర్తి చేసి ఇచ్చేయడం ఆయనకు పెద్ద పనేం కాదు. అయినా ఇచ్చేయలేదు, ఇటు సినిమావాళ్లూ తొందరపెట్టి లాక్కోలేదు. పల్లవులు మూడు రాసుకుని వెళితే కీరవాణి గారు అందులో ఒకటి ఎంచుకున్నారు. ఎంచేవాడి చెవి కూడా పాటలో భాగమే కదా.

హోస్ట్: ఆ మాటలన్నీ ఊళ్లోవే. పోట్లగిత్త, మర్రిచెట్టు నీడ, జొన్నరొట్టెలో మిరపతొక్కు...

మాస్టారు: పాత వరంగల్ జిల్లా చల్లగరిగలో పుట్టి పెరిగారు ఆయన. చిన్నప్పుడు చూసినవే, తిన్నవే రాశానని చెప్పుకున్నారు. దానికి తోడు ఆ నడక చూడు. 6/8, మన లెక్కలో తిశ్రం, అంటే మూడేసి అక్షరాల నడక. తకిట తకిట అని కాలు దానంతటదే లేస్తుంది. డప్పు దగ్గర నిలబడ్డ ఎవరికైనా అది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ప్యాలెస్ ముందు తీశారు, 2021 ఆగస్టులో. వెనకాల ఎంత గొప్ప భవనం ఉన్నా పాట మాత్రం పొలం గట్టు మీదే ఉంది.

హోస్ట్: 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద కీరవాణి గారు పాడుతూ మాట్లాడారు. పక్కన చంద్రబోస్ గారు ఒక్క 'నమస్తే' అన్నారు.

మాస్టారు: ఆ రోజు కళ్లు చెమర్చాయమ్మా. కీరవాణి గారికి దొరికింది కాసేపే. అందులోనే, నేను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగాను అని ఆ అమెరికన్ గాయక బృందాన్ని తలుచుకున్నారు. వాళ్ల పాట వరసలోనే తన మాటలు పెట్టుకుని పాడారు. తరవాత ఆ కార్పెంటర్స్‌లోని రిచర్డ్ గారు ఇంటిల్లిపాదితో కలిసి అదే వరసలో అభినందనలు పాడి పంపారు. ఎవరి పాటలు విని పెరిగామో వాళ్ల నుంచి జవాబు రావడం! గెలిచినవాడు ముందు ఇంకొకరి పేరు చెప్పాలి అనుకునేవాళ్ల కథలంటే నాకు ప్రాణం.

హోస్ట్: అలా అంటే బాలు గారే గుర్తొస్తారు.

మాస్టారు: మరి! 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. ఎవరైనా పిల్ల బాగా పాడితే బాలు గారు ముందు రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు చెప్పేవారు. కొన్నిసార్లు వేణువు వాయించినవారి పేరూ చెప్పేవారు. మా ఇంట్లో సోమవారం అంటే అదే పాఠం. ఆయన సొంత కథ కూడా అలాంటిదే.

హోస్ట్: కోదండపాణి గారి కథ.

మాస్టారు: 1966 డిసెంబర్ 15. 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమాకి తొలి పాట. అప్పటికి బాలు గారు మద్రాసులో చదువుకుంటున్న కుర్రాడు. ఒక పోటీలో విని, ఈ గొంతు పనికొస్తుందని ఎస్.పి. కోదండపాణి గారు పట్టుకొచ్చారు. రికార్డింగ్ అయ్యాక ఏం చేశారో తెలుసా? ఆ రోజుల్లో టేపు ఖరీదు. పని అయిపోతే చెరిపేసి, దాని మీదే ఇంకో పాట తీసేవారు. ఈయన మాత్రం ఇంజనీరు స్వామినాథన్ గారిని అడిగి, ఆ టేపు చెరపకుండా ఉంచమన్నారు. తోటి సంగీత దర్శకులు వస్తే, ఈ కుర్రాడి గొంతు వినండి అని వినిపించడానికి. దొరికిన గొంతును తన సినిమాలకే దాచుకోవచ్చు కదా? దాచుకోలేదు.

హోస్ట్: తరవాత బాలు గారు తన రికార్డింగ్ థియేటర్‌కు ఆయన పేరే పెట్టారు.

మాస్టారు: కోదండపాణి ఆడియో ల్యాబ్స్. కోదండపాణి గారు 1974లోనే పోయారు. ఆయన లేకపోయినా, గురువు పేరు రాసి ఉన్న తలుపు తోసుకుని అందరూ లోపలికి వెళ్లాలి.

హోస్ట్: 'శంకరాభరణం' గురించి చెప్పకుండా మిమ్మల్ని వదలను.

మాస్టారు: వదలొద్దు. 1980 ఫిబ్రవరిలో వచ్చింది. కె.వి. మహదేవన్ గారిని అందరూ మామ అనేవారు. నాగర్‌కోయిల్ మనిషి, తెలుగు మాతృభాష కాదు. అయినా ఆయన పద్ధతి ఏమిటి? ముందు పాట రాయించుకుని దానికి వరస కట్టడం. తనకు రాని భాషలో, మాట ఎక్కడ విరగాలో ఎక్కడ సాగాలో తెలుసుకుని కట్టడం! ఇందులో సగం పుణ్యం ఆయన సహాయకుడు పుగళేంది గారిది. ఈయనదీ తెలుగు కాదు, మలయాళం. బాలు గారికి శాస్త్రీయంగా నేర్చుకున్న సంగీతం లేదు. ఆ పాటలు పాడాలంటే భయపడ్డానని ఆయనే చెప్పేవారు. పుగళేంది గారు దగ్గరుండి, ఒక్కో సంగతీ, అంటే వరసలోని ఒక్కో మెలికా నేర్పించారు. వేటూరి గారి సాహిత్యం, వాణీ జయరాం గారి గొంతు సరే సరి. మామకీ, బాలు గారికీ, వాణీ జయరాం గారికీ జాతీయ అవార్డులు వచ్చాయి. నేర్పినాయనకు అవార్డు విభాగమే లేదు.

హోస్ట్: ఇప్పటికీ లేదు.

మాస్టారు: అందుకే పిల్లలకు పాట మొదలుపెట్టే ముందు ఈ పేర్లన్నీ చెప్పిస్తాను. పుగళేంది పేరు పలకడం ఏడేళ్ల పిల్లలకు కష్టమే, అయినా చెప్పాల్సిందే. ఇంకో బాధ ఉందమ్మా. ఆ రికార్డింగుల్లో వయొలిన్ వరసలో కూర్చున్నవాళ్లు, కోరస్ పాడినవాళ్లు, తబలా వాయించినవాళ్లు ఎంతోమంది. క్యాసెట్ అట్ట మీద వాళ్ల పేర్లకు చోటు లేదు. ఇప్పుడు ఫోన్లో పాట పెట్టుకున్నా అంతే, రెండు మూడు పేర్లు కనిపిస్తాయి.

హోస్ట్: అయితే వచ్చే ఎపిసోడ్ వాళ్ల కోసమే చేద్దాం మాస్టారూ. వింటున్నవాళ్లలో మీ నాన్నగారో, పెద్దమ్మో, పక్కింటి తాతగారో మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వాయించి ఉంటే, పాడి ఉంటే, వాళ్లను అడిగి మాకు కబురు చేయండి.

మాస్టారు: వాళ్లు ఫోన్లో మాట్లాడలేనంటే నేనే వచ్చి కూర్చుంటాను. హార్మోనియం కూడా తెస్తాను.