'బరువు తగ్గి రండి' అంటే సరిపోదు

అందరికీ నమస్కారం.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్న ఆడమనిషి కాస్త లావుగా ఉంటే చాలు, ఎవరి దగ్గరికి వెళ్లినా మొదట వినపడేది ఒకటే మాట: 'ముందు బరువు తగ్గి రండి'. ఇంట్లో అదే, చుట్టాలదీ అదే, ఒక్కోసారి ఆస్పత్రిలో కూడా ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అదే. అందులో నిజం లేదని అనను, చాలానే ఉంది. కానీ ఆ నిజం ఎంతవరకో చెప్పకుండా, ఒక్క పరీక్ష కూడా రాయకుండా పంపేస్తే దాన్ని వైద్యం అనరు. ఇవాళ నేను మాట్లాడేదంతా దీని గురించే.

ముందు కొలత సంగతి. బీఎంఐ అంటే కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడం. 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు ఉంటే 31 చిల్లర వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. ఆసియా మూలాలున్న వాళ్లకి షుగర్, బీపీ ముప్పు ఇంకా తక్కువ బరువు దగ్గరే మొదలవుతుంది కాబట్టి 23 నుంచే జాగ్రత్తపడమంటారు. ఇది అంచనా మాత్రమే. కొవ్వు ఎక్కడ పేరుకుందో ఇది చెప్పదు, నడుము చుట్టూ పేరుకున్నదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

కొవ్వుకి, అండానికి ఏమిటి సంబంధం? కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు, హార్మోన్లు తయారుచేస్తుంది, ఉన్న హార్మోన్లని మార్చేస్తుంది. బరువు పెరిగేకొద్దీ శరీరం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది, దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. కండరాలు దాన్ని పట్టించుకోవు గానీ అండాశయం మాత్రం బాగానే వింటుంది, అదే చిక్కు. ఆ ఇన్సులిన్ తాకిడికి అండాశయం మగ హార్మోన్లు ఎక్కువగా తయారుచేస్తుంది. పైగా ఆ హార్మోన్లని పట్టి ఉంచే ప్రోటీన్ లివర్‌లో తయారవ్వాలి, అదీ తగ్గిపోతుంది. చివరికి ఏమవుతుందంటే, ప్రతి నెలా ఒక ఫాలికల్, అంటే అండం పెరిగే చిన్న సంచి, పెరిగి, పండి, పగిలి అండాన్ని వదలాల్సింది పోయి, చాలా ఫాలికల్స్ కొంచెం కొంచెం పెరిగి మధ్యలోనే ఆగిపోతాయి. స్కానింగ్‌లో అండాశయం అంచు వెంబడి చిన్న చిన్న నల్లటి గుండ్రాలు వరుసగా కనిపిస్తాయే, అవి ఇవే. వాటిని చూసి 'నీటి బుడగలు' అని రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. అవి గడ్డలు కావు, కోయాల్సినవీ కావు, ఆగిపోయిన ఫాలికల్స్, అంతే. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదల కాని సమస్య, ఉన్నవాళ్లలో ఇదంతా అధిక బరువు లేకపోయినా జరగొచ్చు, బరువు తోడైతే ఇంకా ముదురుతుంది.

అంటే బరువు దెబ్బ ముఖ్యంగా తగిలేది అండం విడుదల మీద. అందుకే నేను బరువు కన్నా ముందు నెలసరి గురించి అడుగుతాను. నెలనెలా క్రమంగా వస్తోందా, రెండు మూడు నెలలకోసారి వస్తోందా? లావుగా ఉండి, నెలసరి క్రమంగా వచ్చి, ఏ ఇబ్బందీ లేకుండా గర్భం దాల్చేవాళ్లు కోకొల్లలు. క్రమంగానే వస్తూ గర్భం రాకపోతే ట్యూబులు మూసుకుపోయాయేమో, భర్త వీర్యం ఎలా ఉందో చూడాలి. అదంతా వదిలేసి ఆమెని రోజూ వాకింగ్‌కి పంపితే మూసుకున్న ట్యూబు తెరుచుకుంటుందా?

భర్త అన్నాను కదా. ఈ విషయం మీద మగవాళ్లు హాల్లో వెనక వరుసలోనే కూర్చుంటారు ఎందుకో. బరువు మీక్కూడా లెక్కే. కొవ్వు కణాలు టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తాయి, తొడల మధ్య వేడి పెరుగుతుంది, వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గొచ్చు, అంగస్తంభన సమస్యలూ రావచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి: టెస్టోస్టిరాన్ తక్కువగా ఉందని ఎవరో చెబితే జిమ్‌లోనో ఇంకెక్కడో ఆ ఇంజెక్షన్లు వేయించుకోకండి. బయటి నుంచి హార్మోన్ వస్తోంటే మెదడు వృషణాలకి పని ఆపమని చెబుతుంది, వీర్యకణాలు పూర్తిగా సున్నాకి కూడా పడిపోతాయి. పిల్లలు కావాలనుకునే మగాడు చేయకూడని పని ఏదైనా ఉందంటే ఇదే. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మీరు ఇవాళ మొదలుపెట్టిన మార్పు ఫలితం పరీక్షలో కనపడటానికి కూడా అంత టైం ఇవ్వాలి.

సరే, తగ్గితే లాభం ఉందా? అండం విడుదల కానివాళ్లకి ఉంది, అదీ పెద్దగా తగ్గనక్కర్లేదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందికి నెలసరి గాడిలో పడుతుంది. 80 కిలోల మనిషికి అంటే 4 నుంచి 8 కిలోలు. అద్దంలో పెద్ద తేడా కూడా కనపడదు, కానీ అండాశయానికి తెలుస్తుంది.

కానీ అందరికీ ఇదే మంత్రం పనిచేస్తుందనుకుంటే పొరపాటు. నెదర్లాండ్స్‌లో ఊబకాయం ఉండి, గర్భం రాని 577 మంది స్త్రీల మీద చేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. సగం మందికి ముందు ఆరు నెలలు ఆహారం, వ్యాయామం కార్యక్రమం, ఆ తర్వాత గర్భం కోసం చికిత్స. మిగతా సగానికి నేరుగా చికిత్స. రెండేళ్లలో నెలలు నిండి, మామూలు కాన్పుతో ఒక ఆరోగ్యవంతమైన బిడ్డ పుట్టడం ఎంతమందిలో జరిగిందని చూస్తే, ముందు బరువు తగ్గమన్న వాళ్లలో నూటికి 27, నేరుగా చికిత్స తీసుకున్న వాళ్లలో నూటికి 35. తిరగబడింది కదా. అయితే మొదటి గుంపులో చికిత్స లేకుండా వాళ్లంతట వాళ్లే గర్భం దాల్చినవాళ్లు ఎక్కువ, 26 శాతం, రెండో గుంపులో 16. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను: బరువు తగ్గడం మంచిదే, దానికోసం చికిత్సని ఆపి కూర్చోవడం అందరికీ మంచిది కాదు. ముఖ్యంగా వయసు. 26 ఏళ్ల అమ్మాయికి ఆరు నెలలు ఆగమని చెప్పొచ్చు, 38 ఏళ్ల ఆవిడకి ఏడాది ఆగమంటే ఆ ఏడాదిలో తగ్గిన కిలోలు ఇచ్చేదానికన్నా, పోయిన అండాలు తీసుకెళ్లేది ఎక్కువ కావచ్చు. 35 దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించి రాకపోతే డాక్టర్ని కలవాలి, అంతకంటే చిన్నవాళ్లు ఏడాది చూడొచ్చు, నెలసరి సరిగ్గా రానివాళ్లు మాత్రం ఏ వయసులోనైనా ఆగనక్కర్లేదు.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి, ఎలాగూ అడుగుతారు. సెమాగ్లూటైడ్ లాంటి మందులు బాగానే తగ్గిస్తాయి, తగ్గగానే అండం విడుదల మొదలై అనుకోకుండా గర్భం వచ్చినవాళ్లు ఉన్నారు. గర్భంలో అవి వాడకూడదు, సెమాగ్లూటైడ్ అయితే ప్రయత్నానికి కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. అందుకని వాడుతున్నన్నాళ్లూ గర్భనిరోధం తప్పనిసరి. టిర్జెపటైడ్ అనే ఇలాంటి ఇంజెక్షన్‌తో ఇంకో మెలిక ఉంది, అది గర్భనిరోధక మాత్ర ఒంటికి పట్టకుండా చేయొచ్చు, మొదలుపెట్టినప్పుడూ డోసు పెంచినప్పుడూ కండోమ్ లాంటివి తోడుండాలి. బరువు తగ్గే సర్జరీ చేయించుకుంటే ఏడాది, ఏడాదిన్నర ఆగాలి.

గర్భం వచ్చాక సంగతి వేరు. అప్పుడిక తగ్గే ప్రయత్నం వద్దు, ఎంత పెరగాలన్నదే లెక్క. అమెరికాలో 2009లో ఇచ్చిన సూచనలే చాలాచోట్ల పాటిస్తారు: బీఎంఐ మామూలుగా ఉంటే గర్భకాలమంతా కలిపి పదకొండున్నర నుంచి 16 కిలోలు, అధిక బరువైతే 7 నుంచి పదకొండున్నర, ఊబకాయమైతే 5 నుంచి 9. 'ఇద్దరి కోసం తినాలి' అనే మాట పక్కన పెట్టేయండి.

ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందే మొదలవ్వాలి. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం కుదిరిన నాలుగు వారాలకే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. ఊబకాయం ఉన్నవాళ్లలో ఈ లోపాలు ఎక్కువ, అందుకే మామూలుగా ఇచ్చే 400 మైక్రోగ్రాములకి బదులు బ్రిటన్‌లో బీఎంఐ 30 ఉంటే రోజుకి 5 మిల్లీగ్రాములు రాసేవాళ్లు, 2025లో మాత్రం బరువు ఒక్కటే కారణమైతే 400 చాలని అక్కడి జాతీయ సూచనలు మారాయి. మీకు ఎంతో మీ డాక్టర్ని అడగండి.

గర్భంలో వచ్చే షుగర్, బీపీ రెండూ బరువుతో పాటు పెరుగుతాయి. షుగర్ పరీక్ష మామూలుగా 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు, బరువెక్కువ ఉంటే మొదటి విజిట్‌లోనే ఒకసారి చూడటం మంచిది. బీపీ ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకి 12 వారాల నుంచి చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తారు, కానీ మీ అంతట మీరు వేసుకోవద్దు. అన్నట్టు, బీపీ చూసే పట్టీ. పైచేయి లావుగా ఉన్నప్పుడు మామూలు సైజు పట్టీ చుడితే అంచులు అరకొరగా కలుస్తాయి, గాలి కొట్టగానే అంటుకున్నది చర్రుమని ఊడొస్తుంది, నర్సు మళ్లీ బిగించి చూస్తుంది, రీడింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. దాంతో లేని బీపీకి మందు పడే ప్రమాదం. 'పెద్ద సైజు పట్టీ ఉందా అండీ' అని అడగండి, సిగ్గుపడొద్దు, అది వాళ్ల దగ్గర ఉండాల్సిన వస్తువు.

ఐదో నెల స్కానింగ్‌లో కూడా ఇంతే. పొట్ట మీద కొవ్వు మందంగా ఉంటే శబ్ద తరంగాలు లోపలికి పోయేసరికి బలహీనపడి గుండె గదులు, వెన్నెముక మసగ్గా కనపడతాయి. ప్రోబ్‌ని బొడ్డు కింద నొక్కి, పక్కకి తిరగమని, కాసేపు నడిచి రమ్మని రకరకాలుగా చూస్తారు. మళ్లీ వారం తర్వాత రమ్మంటే బిడ్డకేదో అయ్యిందని రాత్రంతా ఏడవకండి, సరిగ్గా కనపడలేదని మాత్రమే దాని అర్థం.

కాన్పు దగ్గరికి వస్తే సిజేరియన్ అవకాశం, కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కాన్పు తర్వాత ఎక్కువ రక్తస్రావం, ఇవన్నీ పెరుగుతాయి. బిడ్డ పెద్దగా ఉంటే భుజాలు చిక్కుకోవచ్చు. కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం కూడా కొంత ఎక్కువే, అందుకే కదలికలు తగ్గాయనిపిస్తే మర్నాటి దాకా చూద్దాం అనుకోకుండా వెంటనే వెళ్లాలి. ముందే ఒకసారి మత్తు డాక్టర్ని కలవడం నా దృష్టిలో అన్నిటికన్నా ఉపయోగం. వెన్నులో సూది ఎక్కడ పెట్టాలో తాపీగా చూసుకోవడం వేరు, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో వెతుక్కోవడం వేరు. ఇంత చెప్పినా, ఇవి పెరిగే అవకాశాలు మాత్రమే, ఈ బరువుతోనే హాయిగా కాన్పయ్యేవాళ్లు ఎందరో.

పుట్టాక పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. పాలు లేవని తేల్చేసి డబ్బా పట్టేయకుండా, బిడ్డని మాటిమాటికి పట్టించండి, పాలివ్వడంలో సాయం చేసే నర్సుని అడగండి, బిడ్డ బరువు చూపించుకుంటూ ఉండండి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే మధ్యలో ఏ గర్భనిరోధం వాడాలో డిశ్చార్జి అయ్యేలోపే మాట్లాడుకోండి, ఎందుకంటే ఊబకాయం ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి, లూప్ అయితే ఆ బాధ లేదు.

ఇక మీ ప్రశ్నలు. అందరి ముందు అడగడం ఇబ్బందైతే చీటీ మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు. వెనక వరుసలో ఉన్న మగవాళ్లు కూడా పంపొచ్చు.