ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోగ్రఫీకి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. ఫోన్లలో, సర్వర్లలో సమాచారాన్ని రహస్యంగా ఉంచడానికి వాడే గణిత పద్ధతి ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోగ్రఫీ. దాన్ని నేర్చుకోవాలనుకునేవారు ముందుగా ఏ పుస్తకం చదవాలి, దేన్ని కొంతకాలం పక్కన పెట్టాలి అన్నదే ఇవాళ్టి విషయం. డిగ్రీ కళాశాలలో బీజగణితం బోధించి, ఆ తర్వాత భద్రతా సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీర్లకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన మాస్టారు మనతో ఉన్నారు. నమస్కారం, మాస్టారూ.

మాస్టారు: నమస్కారం, అమ్మా. పుస్తకాల దగ్గరికి వెళ్లేముందు ఈ పేరు గురించి ఒక మాట చెప్పాలి. ఇంటర్మీడియట్‌లో దీర్ఘవృత్తం చదువుకున్న మన పిల్లలు 'ఎలిప్టిక్' అనగానే ఆ బొమ్మనే ఊహించుకుంటారు. ఈ వక్రం దీర్ఘవృత్తం కాదు. దీర్ఘవృత్తపు చాపం పొడవు కట్టేటప్పుడు ఎదురయ్యే సమాకలనుల నుంచి ఆ పేరు వచ్చింది. మనం చదవబోయేది ఒక ఘన సమీకరణాన్ని, దాని మీది బిందువులను కూడే ఒక పద్ధతిని.

నిర్వాహకురాలు: మీరు ఏ పుస్తకంతో మొదలుపెట్టారు?

మాస్టారు: జోసెఫ్ సిల్వర్‌మన్ రాసిన 'ది అరిథ్‌మెటిక్ ఆఫ్ ఎలిప్టిక్ కర్వ్స్'తో. 1986లో వచ్చిన ఆ గ్రంథాన్ని ఎవరినడిగినా ప్రామాణికమంటారు, ఆ మాట నిజం కూడా. అయితే అందులో మొదటి రెండు అధ్యాయాలూ బీజీయ జ్యామితి, అంటే సమీకరణాలను ఆకారాలుగా చూసే ఉన్నత గణితం. ఎలిప్టిక్ కర్వ్ మూడో అధ్యాయంలో గానీ రాదు. డిగ్రీ బీజగణితంలో వచ్చే సమూహాలు (గ్రూప్స్), క్షేత్రాల (ఫీల్డ్స్) వరకే చదివి ఉన్న నేను ఆ రెండో అధ్యాయం దాటలేక ఏడాదిపాటు ఈ విషయాన్నే వదిలేశాను. అందులో పుస్తకం తప్పు ఏమీ లేదు. అది సంఖ్యాసిద్ధాంతంలో పరిశోధన చేయబోయేవారి కోసం రాసినది. 2009 నాటి రెండో కూర్పులో క్రిప్టోగ్రఫీకి సంబంధించిన అధ్యాయం ఒకటి చేర్చారు, కానీ అక్కడికి చేరే దారి మాత్రం అలాగే ఉంది. అందుకే ఎంతమంది మెచ్చుకున్నారన్నది కాకుండా, మొదటి ఇరవై పేజీలు మీరు పెన్సిలుతో అనుసరించగలరా లేదా అన్నది చూసి పుస్తకాన్ని ఎంచుకోమంటాను.

నిర్వాహకురాలు: పెన్సిలుతో అనుసరించడం అంటే ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతారా?

మాస్టారు: తప్పకుండా చెబుతాను. శ్రోతలు వీలుంటే కాగితం దగ్గర పెట్టుకోండి. వై వర్గం ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ ఘనం ప్లస్ ఎక్స్ ప్లస్ 6 అనే సమీకరణం తీసుకుందాం. లెక్క ఎంత వచ్చినా 7తో భాగించి శేషాన్నే ఉంచుకోవాలి. ఎక్స్ స్థానంలో 0 నుంచి 6 వరకు వేసి చూస్తే పది బిందువులు దొరుకుతాయి. కూడికలో సున్నాలా పనిచేసే 'అనంతం దగ్గరి బిందువు'ను కలిపితే మొత్తం 11. ఇప్పుడు (1, 1) అనే బిందువును దానితోనే కూడుదాం. అక్కడ స్పర్శరేఖ వాలు కావాలి. ఎక్స్ వర్గానికి మూడు రెట్లు, దానికి ఎక్స్ గుణకమైన 1 కలిపితే 4. దాన్ని వై రెట్టింపుతో, అంటే 2తో భాగిస్తే వాలు 2. వాలు వర్గం నుంచి కూడుతున్న రెండు బిందువుల ఎక్స్‌లనూ తీసేస్తే కొత్త ఎక్స్ 2. మొదటి ఎక్స్ నుంచి కొత్త ఎక్స్ తీసేసి, వాలుతో గుణించి, మొదటి వై తీసేస్తే -3, దానికి 7 కలిపితే 4. ఫలితం (2, 4). వేర్వేరు బిందువులను కూడేటప్పుడు మాత్రం వాలు అంటే వైల తేడాను ఎక్స్‌ల తేడాతో భాగించడం. దానికి మళ్లీ (1, 1) కూడితే (6, 5), ఇంకోసారి కూడితే (4, 5) వస్తాయి. అయిదో రెట్టు దగ్గర విద్యార్థి ఒక్కక్షణం ఆగుతాడు, ఎందుకంటే అక్కడ వాలు కోసం వైల తేడా 4ను ఎక్స్‌ల తేడా 3తో భాగించాలి. 3ను 5తో గుణిస్తే 15, దాని శేషం 1, కాబట్టి 3కు విలోమం 5. 4ను 5తో గుణిస్తే 20, శేషం 6, అదే వాలు. బిందువు (3, 1) వస్తుంది. ఇలా పదకొండో రెట్టుకు అనంతాన్ని చేరతాం.

నిర్వాహకురాలు: ఇక్కడ పదకొండే కాబట్టి (3, 1) అయిదో రెట్టు అని వెంటనే కనిపెట్టవచ్చు.

మాస్టారు: అవునమ్మా. నిజంగా వాడే వక్రాల్లో ఆ 7 స్థానంలో సాధారణంగా 256 బిట్ల దరిదాపు ప్రధాన సంఖ్య ఉంటుంది. ఎన్నో రెట్టు అన్న సంఖ్యే మన రహస్య కీ, వచ్చిన బిందువు అందరికీ చెప్పే పబ్లిక్ కీ. అప్పుడు ఎన్నో రెట్టు అన్నది వెనక్కి కనిపెట్టడం అసాధ్యమైనంత కష్టం. 1985లో నీల్ కోబ్లిట్జ్, విక్టర్ మిల్లర్ ఎవరికి వారుగా ప్రతిపాదించిన ఆలోచన ఇదే. అంతకుముందు నుంచి ఉన్న ఆర్ఎస్ఏ పద్ధతిలో 3072 బిట్ల కీతో వచ్చే భద్రత ఇక్కడ 256 బిట్లతో వస్తుంది. ఈ చిన్న లెక్క ఒక్కసారి చేతితో చేసినవారికి ఆ తర్వాత ఏ పుస్తకమైనా సగం భయం పోతుంది.

నిర్వాహకురాలు: అయితే ఆ లెక్క చేసినవారు తర్వాత ఏ పుస్తకం తీసుకోవాలి?

మాస్టారు: బీఎస్సీ స్థాయి బీజగణితం కూడా మరచిపోయినవారికి హాఫ్‌స్టీన్, పైఫర్, సిల్వర్‌మన్ ముగ్గురూ రాసిన 'యాన్ ఇంట్రడక్షన్ టు మ్యాథమెటికల్ క్రిప్టోగ్రఫీ' సరిపోతుంది. డిస్క్రీట్ లాగరిథమ్, అంటే ఇందాకటి 'ఎన్నో రెట్టు' లాంటి ప్రశ్న, దగ్గర మొదలుపెట్టి, అవసరమైన గణితాన్ని దారిలోనే చెప్పుకుంటూ, ఎలిప్టిక్ కర్వ్‌ల దగ్గరికి తీసుకువెళుతుంది. సమూహాలు, క్షేత్రాలు గుర్తున్నవారికి లారెన్స్ వాషింగ్టన్ రాసిన 'ఎలిప్టిక్ కర్వ్స్: నంబర్ థియరీ అండ్ క్రిప్టోగ్రఫీ' నేను మనసారా సిఫారసు చేసే పుస్తకం. సిద్ధాంతాన్ని తేలిక చేయకుండానే ప్రతి మలుపులోనూ అంకెలతో ఉదాహరణ ఇస్తారు. 2003 కూర్పు పాత పుస్తకాల దుకాణాల్లో కనిపించవచ్చు. 2008 నాటి రెండో కూర్పే తీసుకోండి.

నిర్వాహకురాలు: సిల్వర్‌మన్, జాన్ టేట్ కలిసి రాసిన 'రేషనల్ పాయింట్స్ ఆన్ ఎలిప్టిక్ కర్వ్స్' గురించి కూడా చాలామంది చెబుతారు.

మాస్టారు: అది చాలా అందమైన పుస్తకం. 1961లో హేవర్‌ఫర్డ్ కళాశాలలో టేట్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టింది కాబట్టి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టే ఉంటుంది. రామానుజన్ పేరుతో మనందరికీ తెలిసిన 1729 ఉంది కదా. రెండు ఘనాల మొత్తం 1729 అని రాస్తే అదీ ఒక ఎలిప్టిక్ కర్వే, (1, 12), (9, 10) దాని మీది బిందువులే. అటువంటి ప్రశ్నల మీద ప్రేమ ఉన్నవారు దీన్ని చదివి తీరాలి. 2015 కూర్పులో క్రిప్టోగ్రఫీ కూడా కొంత ఉంది. అయితే వచ్చే నెలలో ప్రోగ్రాము రాసి ఇవ్వవలసినవారికి ఇది మొదటి పుస్తకం కాదు.

నిర్వాహకురాలు: ప్రోగ్రాము రాసేవారి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. వారికి గణితం పుస్తకం ఒక్కటే చాలదా?

మాస్టారు: చాలదు. అది ఎందుకు చాలదో ఇందాకటి లెక్కలోనే ఉంది, మళ్లీ ఒకసారి కాగితం చూడండి. కూడికలో ఎక్స్ గుణకం వాడాం, కానీ సమీకరణం చివరి 6ను ఎక్కడైనా వాడామా? వాడలేదు. ఇప్పుడు ఎవరో (1, 3) అనే బిందువు పంపారనుకోండి. అది మన వక్రం మీద లేదు. పరీక్షించకుండా అదే సూత్రంలో వేస్తే సూత్రం అభ్యంతరం చెప్పదు. రెట్టింపు చేస్తే (0, 0) వస్తుంది, దాన్నీ రెట్టింపు చేస్తే అనంతం వస్తుంది. అంటే ఆ బిందువు రెట్లు నాలుగే. మీ రహస్య సంఖ్యతో దాన్ని గుణించి జవాబు పంపితే, ఆ సంఖ్యను 4తో భాగించినప్పుడు వచ్చే శేషాన్ని అవతలివారికి చెప్పేసినట్టే. వేరే వక్రాల మీది ఇటువంటి బిందువులను మరికొన్ని పంపి, శేషాలన్నీ కూర్చుకుని, రహస్యం మొత్తం రాబట్టవచ్చు. గణితం తప్పలేదు, వచ్చిన బిందువును సమీకరణంలో వేసి చూడకపోవడమే తప్పు. ఈ ఒక్క పరీక్ష రాయని ప్రోగ్రాము చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది.

నిర్వాహకురాలు: ఈ జాగ్రత్తలు చెప్పే పుస్తకం ఏది?

మాస్టారు: హ్యాంకర్‌సన్, మెనెజిస్, వాన్‌స్టోన్ రాసిన 'గైడ్ టు ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోగ్రఫీ'. 2004లో వచ్చింది, మొత్తం అయిదే అధ్యాయాలు. క్షేత్రంలో గుణకారం ఎలా వేగంగా చేయాలి, బిందువును ఏ పద్ధతిలో గుణించాలి అన్నవి అల్గారిదమ్‌ల రూపంలో ఉంటాయి; అందిన పబ్లిక్ కీని పరీక్షించడం నాలుగో అధ్యాయంలో, విద్యుత్తు వాడకాన్ని, సమయాన్ని గమనించి రహస్యం లాగే దాడులు అయిదో అధ్యాయంలో ఉంటాయి. నిరూపణల కోసం మాత్రం దీన్ని తెరవవద్దు. ఇక జాగ్రత్తల మాటకు వస్తే, ఈ వక్రాలతో డిజిటల్ సంతకం చేసేటప్పుడు ప్రతిసారీ మారవలసిన సంఖ్యను మార్చకపోతే ఏమవుతుందో 2010లో సోనీ ప్లేస్టేషన్ 3 విషయంలో లోకమంతా చూసింది. రెండు సంతకాల నుంచి రహస్య కీని మామూలు బీజగణితంతో లెక్క కట్టగలిగారు.

నిర్వాహకురాలు: 2004 పుస్తకం అంటే ఇప్పటికి పాతబడలేదా?

మాస్టారు: కొంత పాతబడింది. కర్వ్ 25519 అనే ప్రత్యేక వక్రం మీద డేనియల్ బెర్న్‌స్టైన్ వ్యాసం 2006లో వచ్చింది, ఎడ్వర్డ్స్ వక్రాలు అనే మరో రూపం 2007లో. ఇవాళ మన ఫోన్లలో, సర్వర్లలో విరివిగా వాడుతున్న వీటి ఊసు ఆ పుస్తకంలో ఉండే అవకాశమే లేదు. ఆ లోటును ఆర్ఎఫ్‌సీలనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ఉచితంగా దొరికే రెండు తీరుస్తాయి: 2016 నాటి ఆర్ఎఫ్‌సీ 7748, 2017 నాటి ఆర్ఎఫ్‌సీ 8032. వాటిలో పరీక్షకు కావలసిన అంకెలు కూడా ఇచ్చారు, మీ ప్రోగ్రాము జవాబుతో సరిపోల్చుకోవచ్చు. ఇక కోహెన్, ఫ్రే సంపాదకత్వంలో 2005లో వచ్చిన పెద్ద హ్యాండ్‌బుక్ గ్రంథాలయంలో సంప్రదించడానికే. సొంతానికి కొనవలసిన అవసరం చాలామందికి రాదు.

నిర్వాహకురాలు: క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఇదంతా వృథా అవుతుందని కొందరు విద్యార్థులు వెనకాడుతున్నారు, మాస్టారూ.

మాస్టారు: పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే పీటర్ షోర్ 1994లో చూపిన పద్ధతికి ఈ వ్యవస్థ నిలవదు, అది దాచవలసిన సంగతి కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో, క్వాంటమ్ కంప్యూటర్లకు లొంగకుండా రూపొందించిన కొత్త పద్ధతుల ప్రమాణాలను విడుదల చేసింది కూడా. అయినా ఇప్పుడు జరుగుతున్న మార్పిడిలో చాలాచోట్ల కొత్త పద్ధతిని పాత వక్రంతో జోడించే వాడుతున్నారు. కాబట్టి ఆ జోడింపు రాసేవారికి రెండూ తెలియాలి.

నిర్వాహకురాలు: చివరిగా, ఒక్క పుస్తకానికే డబ్బు ఉన్న విద్యార్థికి ఏది చెబుతారు?

మాస్టారు: వాషింగ్టన్ రెండో కూర్పు చెబుతాను. మొదట రెండో అధ్యాయంలో కూడిక సూత్రాల వరకు చదివి, అక్కడి నుంచి సరాసరి నాలుగో అధ్యాయానికి, అంటే పరిమిత క్షేత్రాల మీది వక్రాలకు వెళ్లమంటాను. మధ్యలో ఉన్న మూడో అధ్యాయానికి, అర్థం కాని చోటు వచ్చినప్పుడు వెనక్కి రావచ్చు. ఈలోగా మన చిన్న వక్రం మీద ఆరో రెట్టు నుంచి పదో రెట్టు వరకు కాగితం మీద పూర్తి చేయండి. ఆరోది (3, 6) వస్తే మీ లెక్క సరైన దారిలో ఉన్నట్టు.