పాత పద్మిని రిస్టోరేషన్ ఇంటి షెడ్‌లో: రంగు ఆఖర్న, ఫ్లోర్ ముందు

నమస్కారం అండి. నా వెనకాల కనిపిస్తున్నది ప్రీమియర్ పద్మిని కారు, 1984 మోడల్. 1089 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, గేర్ రాడ్డు స్టీరింగ్ కిందే. ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిపోయిన బండి. ఇలాంటి బండి కొన్నవాళ్లయినా, తాతగారి నుంచి వచ్చినవాళ్లయినా మొదట అడిగేది "ఏ కలర్ వేయిద్దాం?" అని. ఈ వీడియోలో కలర్ ఊసే ఉండదు. ముందు కాగితాలు, తర్వాత తుప్పు, తర్వాత బ్రేకులు, ఆ పైన పెట్రోల్ లైను, వీటన్నిటి తర్వాతే ఇంజిన్. ఇంజిన్ మొరాయిస్తే రోడ్డు పక్కన నిలబడతాం, అంతే. ఫ్లోర్ ఊడినా, బ్రేక్ పడకపోయినా కథ వేరేలా ఉంటుంది.

పాత బండ్లతో మొదలుపెట్టేవాళ్లకి పద్మినే మంచిదని నా అభిప్రాయం. ఇది మూలంలో ఇటలీ ఫియట్ 1100. ముంబై కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసింది. ముంబైలో టాక్సీగా 2023 అక్టోబరు దాకా తిరిగింది కాబట్టి సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పాత షాపుల వాళ్లని అడగండి. అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట, ముంబై చోర్ బజార్. కొత్త సామాను పేరుతో నాసిరకం రబ్బరు కూడా అంటగడతారు, ఆ సంగతి బ్రేకుల దగ్గర చెప్తాను.

కాగితాలు త్వరగా ముగిద్దాం. ఆర్సీ పక్కన పెట్టుకుని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అక్షరం అక్షరం కలిపి చూడండి. నంబరు పంచ్ చేసిన చోట గ్రైండర్ తగలనివ్వొద్దు. ఆ అంకెలు అరిగిపోతే ఆర్టీఏ ఆఫీసులో మీ మాట ఎవరూ నమ్మరు. సొంత కారుకి మొదటి 15 ఏళ్లు అయ్యాక ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, దానికి బండి చూపించాలి. 50 ఏళ్లు దాటిన బండికైతే 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ ఆఫీసుకి వెళ్లడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోల్ పోయించుకోవడానికి, అంతవరకే. మామూలు ఆర్సీ బతికి ఉంటే దాన్నే కాపాడుకోమంటాను. ఇంకో మాట, ఆర్సీలో ఉన్న రంగు మారిస్తే అక్కడ కూడా మార్పించుకోవాలి.

(కెమెరా కారు లోపలికి, ఫ్లోర్ మీదికి)

ఇప్పుడు అసలు సంగతి. సీట్లు తీసేశాను, రబ్బరు మ్యాట్లు తీసేశాను. మ్యాట్ కింద ఈ గోధుమ రంగు పొడి చూడండి. పద్మినికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. ఈ రేకులే బండి బరువు మోస్తాయి. ఫ్లోరు, డోర్ల కింద పొడుగ్గా వెళ్లే ఈ సిల్, ముందు వీల్ ఆర్చీలు, అన్నీ కలిసి ఒకే పెట్టె. అందుకే ఇక్కడ తుప్పుని అందానికి సంబంధించిన విషయంగా చూడకూడదు.

ఒక అయస్కాంతం తీసుకోండి. గీతలు పడకుండా పల్చటి గుడ్డ చుట్టి, డోర్ల కింది అంచు, సిల్, హెడ్‌లైట్ చుట్టూ మెల్లగా జరపండి. ఠక్కున పట్టుకుంటే అక్కడ ఇనుము ఉంది. పట్టు వదిలేసిందంటే పెయింట్ కింద లప్పమే ఉంది. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు డబడబమంటుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. రంధ్రం పడుతుందని భయపడొద్దు. గుచ్చితే పడేది ఎప్పుడో పడిపోయిన రంధ్రమే. బ్యాటరీ ట్రే, డిక్కీలో స్టెప్నీ ఉండే చోటు, జాకీ పెట్టే చోట్లు, ఈ మూడూ తప్పనిసరిగా చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో తిరిగిన బండి అయితే పైకి మెరుస్తున్నా సరే, కిందికి దూరి చూడకుండా డబ్బు చేతిలో పెట్టకండి.

కిందికి దూరడం అన్నాను కదా. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. జాకీ స్టాండ్లు నాలుగు కొనండి. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు వద్దే వద్దు, బరువు పడితే చెప్పకుండా పగులుతాయి. స్టాండ్ల మీద దించాక బండిని చేత్తో బలంగా ఊపి చూడండి. కదలట్లేదని తేలాకే కిందికి వెళ్లాలి.

పైపైన తుప్పు పట్టిన చోట వైర్ బ్రష్‌తో, అందకపోతే గ్రైండర్‌కి వైర్ కప్పు బిగించి, తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకండి. కళ్లద్దాలు, మాస్కు ఉండాలి. చిన్న గుంటల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ కన్వర్టర్ రాయండి. నల్లబడి ఆరిన తర్వాత ఎపాక్సీ ప్రైమర్. రెడ్ ఆక్సైడ్ చవకే కానీ, ఒక్కటే వేసి వదిలేస్తే తడిని ఎక్కువ కాలం ఆపదు. తుప్పు ఉండగానే పైన లప్పం పెట్టించడమంటే చెమ్మ గోడకి సున్నం వేయడమే.

రంధ్రాలు పడిన చోట కొత్త రేకు అతకాలి. 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు సరిపోతుంది. వెల్డింగ్ చేతకాకపోతే టింకరింగ్ చేసే అన్నని ఇంటికి పిలిపించండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మీరు చూసుకోవాల్సింది కొలత. రెండు వైపుల సిల్స్ ఒకేసారి కోయనివ్వకండి. ఒకవైపు కోసి, అతికి, పూర్తయ్యాక రెండోది. కోసే ముందు డోర్లు వేసి, డోరుకి బాడీకి మధ్య సందు నాలుగు చోట్ల కొలిచి పెయింట్ మీదే మార్కర్‌తో రాసేయండి. డోర్ ఓపెనింగ్‌కి అడ్డంగా ఒక యాంగిల్ ముక్కని తాత్కాలికంగా రెండు వెల్డింగ్ చుక్కలతో అతికిస్తే ఇంకా మంచిది. కొలతలు లేకుండా కోసిన బండికి డోర్లు పడవు. ఆ తర్వాత ఎంత రంగు వేసినా ఆ వంకర కనిపిస్తూనే ఉంటుంది. ఒకేచోట పొడుగ్గా వెల్డింగ్ లాగితే రేకు వేడికి వంకర తిరుగుతుంది. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క, అలా పోవాలి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసేయాలి, పెట్రోల్ ట్యాంకు బండి నుంచి దించి షెడ్ బయట పెట్టాలి. మంటలార్పే సిలిండర్ ఒకటి చేతికందే దూరంలో ఉండాలి.

(కెమెరా వెనక చక్రం దగ్గరికి, డ్రమ్ము తీసి ఉంది)

బ్రేకులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. డ్రమ్ము ఊడదీయగానే లోపల దుమ్ము కనిపిస్తుంది కదా, దాన్ని ఊదకండి, కంప్రెసర్ గాలి అసలే పెట్టకండి. పాత లైనింగుల్లో, అంటే డ్రమ్ముకి రాసుకునే పట్టీల్లో, ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టేసి పారేయండి. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదే ముందు అడ్జస్టర్ (లైనింగ్‌ని డ్రమ్ముకి దగ్గరగా, దూరంగా జరిపేది) వదులు చేయండి. డ్రమ్ము లోపల అంచు కట్టి ఉంటే అది లైనింగ్‌ని పట్టుకుంటుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. ఏళ్లు నిలబడిన బండిలో ఆ తడే వీల్ సిలిండర్ (చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో లైనింగ్‌ని తోసేది) లోపల తుప్పు పట్టించి పిస్టన్‌ని బిగించేస్తుంది. కాబట్టి పెడల్ గట్టిగా ఉంది, బ్రేక్ బాగానే ఉంది అనుకోకండి. నాలుగు చక్రాల వీల్ సిలిండర్లూ విప్పాలి. లోపలి గోడ మీద గోరుకి తగిలే గుంటలుంటే కొత్త సిలిండర్ వేయాలి. నున్నగా ఉంటే లోపలి రబ్బరు కిట్ మారిస్తే చాలు. ఇందాక రబ్బరు గురించి అన్నాను కదా, కిట్ కొన్నాక అందులోని రబ్బరు కప్పుని వేళ్లతో మడిచి చూడండి. మడిచిన చోట తెల్లగా గీత పడినా, సన్నగా పగిలినా వెనక్కి ఇచ్చేయండి. షాపులో ఎన్నేళ్లు పడి ఉందో ఎవరికి తెలుసు? ఈ సామాన్లని పెట్రోల్‌తో కడగకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. చక్రాల దగ్గరి రబ్బరు హోసులు పైకి ఎలా ఉన్నా మార్చేయండి. లోపల వాచి మూసుకుపోయినవి బయటికి కనపడవు.

పాత పద్మినుల్లో బ్రేకులకి ఒకటే సర్క్యూట్, అంటే నాలుగు చక్రాలకీ ఆయిల్ దారి ఒక్కటే. ఎక్కడ లీకైనా మొత్తం పెడల్ పోతుంది. నేను ఇంజిన్ కంటే ముందు ఇక్కడికి రావడానికి కారణం ఇదే.

బ్రేక్ లైన్లలో గాలి తీయడానికి ఇంట్లో ఒకరిని సీట్లో కూర్చోబెట్టండి. మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి తోసేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి, ఈ వరస. "తొక్కు, పట్టుకో" అంటే వాళ్లు తొక్కి అలాగే పట్టుకోవాలి. మీరు చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ విప్పి, బుడగలు పోయాక బిగించి, అప్పుడు "వదులు" అనాలి. బిగించకముందే వాళ్లు కాలు తీస్తే మళ్లీ గాలి లోపలికే. నిపుల్‌కి తగిలించిన ట్యూబు చివర ఆయిల్ ఉన్న సీసాలో మునిగి ఉండాలి, పైన డబ్బాలో ఆయిల్ అయిపోకూడదు. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. పాత పెయింటే కదా, మనకి టెన్షన్ లేదు. రంగు ఆఖర్న అన్నందుకు ఇదొక లాభం.

పెట్రోల్ లైనుకి వద్దాం. ట్యాంకు మూత తీస్తే వార్నిష్ వాసన వస్తోందా? పాత పెట్రోల్ జిగురుగా మారిందన్నమాట. అది పూర్తిగా తీసేసి, సబ్బు నీళ్లు పోసి, గుప్పెడు నట్లు లోపల వేసి గట్టిగా గిలకరించండి. బాగా కడిగి ఎండబెట్టాకే బిగించాలి. ట్యాంకుకి రంధ్రం ఉంటే ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. ఖాళీ ట్యాంకులో పెట్రోల్ ఆవిరి మిగిలే ఉంటుంది, పేలుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. ఆ కాలం రబ్బరు పైపులు, పంపులోని పల్చటి పొర (డయాఫ్రం) దీనికోసం చేసినవి కావు, మెత్తబడి పొడి పొడిగా రాలతాయి. ఇథనాల్ తట్టుకునే హోసు అడిగి తీసుకోండి, కార్బురేటర్‌కి ముందు కనిపించేలా ఒక ఫిల్టర్ పెట్టండి. బండి వారాల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ జాగాలో చేరే తడే తుప్పు తెస్తుంది.

(కెమెరా బానెట్ కిందికి)

ఇక ఇంజిన్. తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాలని చేయి లాగుతుంది. ఆగండి. పిస్టన్ రింగులు సిలిండర్‌కి అతుక్కుని ఉంటే ఆ ఒక్క సెల్ఫ్‌తో రింగు విరుగుతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో కొంచెం కొంచెం డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి, ఇద్దరు కలిసి బండిని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి. ఫ్యాన్ కదిలిందంటే ఇంజిన్ తిరుగుతోంది. కదలకపోతే మళ్లీ పోసి ఓపిక పట్టాలి, బలం వాడకూడదు.

ఇంజిన్ తిరిగాక పాత ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, 20డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-50 గానీ పోయండి. స్పార్క్ రాకుండా కాయిల్ వైరు తీసేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టండి. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఆరిపోవాలి. ఆరితే ఆయిల్ పైకి చేరినట్టే. లైటు ఆరకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకండి.

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది) మూత తీసి పాయింట్లు, అంటే తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు, చూడండి. నల్లబడితే సన్న ఎమరీతో రుద్ది, పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు సుమారు 0.45 మిల్లీమీటర్లు ఉండేలా ఫీలర్ గేజ్‌తో సరిచేయండి. ప్లగ్గు వైర్ల వరస 1-3-4-2. వైర్లు పీకే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఈ వరస గుర్తుపెట్టుకునే పనే ఉండదు. వైరింగ్ విషయం ఒక్క ముక్కలో చెప్తాను: ఎలుకలు కొరికిన హార్నెస్‌కి టేపు చుట్టి సరిపెట్టొద్దు, ఆ వైర్ల కట్ట మొత్తం మార్చేయండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, లోపల గారకట్టి దారులు మూసేస్తుంది. పద్మినికి ఇంజిన్ బ్లాకు ఇనుముది, దాని పైన మూతలా ఉండే హెడ్ అల్యూమినియంది. వేడెక్కితే ముందు వంకర తిరిగేది హెడ్డే. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి.

ఇప్పుడు స్టార్ట్ చేద్దాం. షెడ్ తలుపులు తెరిచే ఉండాలి, పొగ లోపల నిలవకూడదు. మొదట్లో సైలెన్సర్ నుంచి తెల్లగా, నీలంగా చాలా పొగ వస్తుంది, మనం పోసిన డీజిల్, ఆయిల్ కాలుతున్నాయి. కాసేపటికి తగ్గాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి పోతోందని అర్థం, అప్పుడు హెడ్ గ్యాస్కెట్ చూడాలి.

బండి కదిలించే ముందు టైర్ల మీద అంకెలు చూడండి. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నాలుగంకెలు కాకుండా మూడే ఉంటే అది 2000కి ముందు టైరు, గాడులు ఎంత లోతుగా ఉన్నా తీసేయండి.

మొదటి రోజు గేటు నుంచి వీధి చివరిదాకా చాలు. స్పీడు ఇరవై దాటకుండా నడిపి, మూడు నాలుగుసార్లు బ్రేక్ తొక్కి తిరిగి వచ్చేయండి. రాగానే దిగి నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడండి, తాకకుండా దగ్గరగా చాలు. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం కాలుతుంటే అక్కడ బ్రేక్ పట్టేసి ఉంది. మొదట ఆ చక్రం అడ్జస్టర్ ఒక గంటు వదులు చేయండి. తగ్గకపోతే నిపుల్ విప్పండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే లోపం హోసులోనో మాస్టర్ సిలిండర్‌లోనో ఉంది. అప్పుడూ వదలకపోతే ఆ చక్రం వీల్ సిలిండర్ మళ్లీ విప్పాల్సిందే.