కొత్త పీసీ గేమ్ మధ్యలో ఆగిపోతోందా? విండోస్ మళ్లీ వేయకండి

[స్క్రీన్ మీద: గేమ్ నడుస్తుంటుంది. ఒక్కసారిగా తెర నల్లబడుతుంది.]

నమస్తే. కొత్త పీసీ బిగించారు. బ్రౌజర్, వీడియోలు అన్నీ సాఫీగా నడుస్తున్నాయి. గేమ్ పెట్టిన కాసేపటికే క్రాష్! వెంటనే చాలామంది విండోస్ మళ్లీ వేసేస్తారు. తొందరపడకండి. నిన్న మొన్న వేసిన విండోస్ అప్పుడే పాడయ్యే అవకాశం తక్కువ. పైగా క్రాష్ వదిలిన ఆధారాలన్నీ దాంతోపాటే పోతాయి.

ముందు అది ఎలా ఆగిందో గమనించండి. ప్లగ్ పీకినట్టు టక్కున ఆరిపోయి, దానంతటదే రీస్టార్ట్ అయితే అనుమానం పవర్ సప్లై మీద, కేబుళ్ల మీద. స్టాప్ కోడ్‌తో (ఏ లోపమో చెప్పే పేరు) నీలి తెర వస్తే దాన్ని ఫోటో తీయండి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఆ తెర నల్లగా ఉంటుంది, కంగారుపడకండి. గేమ్ మాత్రమే మూసుకుపోతే ర్యామ్, గ్రాఫిక్స్ డ్రైవర్, లేదంటే ఆ గేమే. మిగతా గేములన్నీ బాగుండి ఒక్కటే ఆగుతుంటే, ముందు స్టీమ్ లాంటి గేమ్ లాంచర్‌లో దాని ఫైళ్లు వెరిఫై చేయండి.

[స్క్రీన్ మీద: ఈవెంట్ వ్యూయర్, సిస్టమ్ లాగ్]

ఇది విండోస్ తనలో జరిగినవన్నీ రాసుకునే చోటు. ఇక్కడ 'కెర్నల్ పవర్ 41' కనిపించగానే పవర్ సప్లై పోయిందని తేల్చేస్తుంటారు. అది చెప్పేది ఒక్కటే: పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని. మీరు చేత్తో ప్లగ్ పీకినా అదే ఎంట్రీ పడుతుంది. దానికి కాస్త ముందు, తర్వాత ఏమున్నాయో చూడండి. 'డబ్ల్యూహెచ్ఈఏ లాగర్' ఉంటే హార్డ్‌వేరే ఫిర్యాదు చేస్తోందని అర్థం. 4101 నంబరు ఎంట్రీ ఉంటే డిస్‌ప్లే డ్రైవర్ కాసేపు స్పందించలేదని.

[స్క్రీన్ మీద: బయోస్‌లో మెమరీ సెట్టింగులు]

కొత్త పీసీ అయితే నేను మొదట అనుమానించేది ర్యామ్ వేగాన్నే. డబ్బా మీద 6000 అని వేగం రాసి ఉంటుంది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో, ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ (ర్యామ్ వేగం పెంచే రెడీమేడ్ సెట్టింగులు) ఆన్ చేస్తేనే ఆ వేగం వస్తుంది, అది ఓవర్‌క్లాకింగ్ (మామూలు వేగాన్ని మించి నడపడం) కిందికే వస్తుంది. ర్యామ్ తట్టుకున్నా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ తట్టుకోవాలి కదా! అందుకే దాన్ని ఆఫ్ చేయండి. డీడీఆర్5 (ఇప్పటి తరం ర్యామ్) అయితే మామూలుగా 4800 దగ్గరికి దిగుతుంది. అలాగే ఒక సాయంత్రం ఆడి చూడండి.

క్రాష్ ఆగిందా? ఇక బయోస్ అప్‌డేట్ చేసి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ మొరాయిస్తే 5600కి తగ్గించండి. ఆటలో ఆ తేడా పెద్దగా కనబడదు. సెట్టింగ్ మార్చాక మొదటిసారి తెర కొన్ని నిమిషాలు ఖాళీగా ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్, అంటే పీసీ కొత్త వేగానికి ర్యామ్‌ను సరిచూసుకోవడం. మధ్యలో పవర్ ఆపకండి. రెండు స్టిక్కులైతే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో ఉండాలి. డీడీఆర్5 స్టిక్కులు నాలుగు పెట్టి 6000 కావాలంటే మాత్రం కష్టమే.

ఆఫ్ చేసినా క్రాష్ అవుతుంటే రాత్రి మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) పెట్టి పడుకోండి. ఒక్క ఎర్రర్ వచ్చినా సరే, ఒక్కో స్టిక్ విడిగా పెట్టి మళ్లీ పరీక్షించాల్సిందే.

[స్క్రీన్ మీద: గ్రాఫిక్స్ కార్డు పవర్ కనెక్టర్లు]

ఇక పవర్. మదర్‌బోర్డు స్లాట్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకు అందేది 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కనెక్టర్ నుంచి 150 వాట్లు. కార్డుకు రెండు 8 పిన్లు కావాలంటే రెండు వేర్వేరు కేబుళ్లు వేయండి, ఒకే కేబుల్‌కు వేలాడే రెండో తలను వాడకండి. గేమ్‌లో కార్డు క్షణకాలం తన రేటింగ్‌ను దాటి కరెంటు లాగుతుంది. పవర్ సప్లై దాన్ని ప్రమాదమనుకుని ఆపేయొచ్చు. డెస్క్‌టాప్‌లో ఎంతసేపున్నా ఏమీ కాకపోవడానికి కారణం ఇదే. పరీక్ష సులువు: గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 75 శాతానికి దించి ఆడండి. క్రాషులు ఆగితే దారి దొరికినట్టే. వేరే పవర్ సప్లై తాలూకు మాడ్యులర్ (ఊడదీసి పెట్టుకునే) కేబుళ్లు మాత్రం ఎప్పుడూ కలపకండి. సాకెట్‌లో పట్టినా లోపలి వైర్ల వరస వేరుగా ఉండొచ్చు, పార్టులు కాలిపోతాయి.

వేడి సంగతి త్వరగా ముగిద్దాం. ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటాయి. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లలో చాలావరకు 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారయ్యాయి. కూలర్ కింది ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి, చాలు. అన్నట్టు, రెండు మూడు కంపెనీల లైట్ల సాఫ్ట్‌వేర్లు వేసుంటే తీసేయండి, అవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. రంగులు తర్వాత వెలిగించుకుందాం.

[స్క్రీన్ మీద: బయోస్ వెర్షన్]

ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ వాడేవాళ్లు ఇది వినాలి. వోల్టేజ్ సమస్య వల్ల వాటిలో కొన్ని క్రమంగా దెబ్బతిన్నాయి. షేడర్లు (గేమ్ దృశ్యాలను గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడు 'వీడియో మెమరీ చాలదు' అని వచ్చే మెసేజ్ దీని లక్షణం కావచ్చు. తప్పు ప్రాసెసర్‌ది, నింద గ్రాఫిక్స్ కార్డుకు! 2024 ఆగస్టులో దీనికి విరుగుడుగా 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) బయోస్ అప్‌డేట్లలో వచ్చింది, తర్వాత మరికొన్ని వచ్చాయి. తాజాది వేయండి. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బయోస్ బాగుచేయలేదు, మార్పించుకోవాల్సిందే. ప్రభావితమైన మోడళ్లకు ఇంటెల్ వారంటీని 2 ఏళ్లు పొడిగించింది. క్లెయిమ్ పెట్టేటప్పుడు స్టాప్ కోడ్ ఫోటోలు, ఏ సెట్టింగ్‌తో ఏం జరిగిందో రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. ఏమేం ప్రయత్నించారనే వాళ్లు మొదట అడుగుతారు.