కాగితం మీద అమ్మకం ధర

యాంకర్: నమస్కారం. ఏ క్రిప్టో కొనాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఎప్పుడు అమ్మాలో చెప్పేవాళ్లే కనపడరు. ఈరోజు ఆ సంగతి మాట్లాడటానికి ఒక ట్రేడర్, రిస్క్ లెక్కలు చూసే ఒక విశ్లేషకురాలు స్టూడియోకి వచ్చారు. సార్, అమ్మాల్సినప్పుడు అమ్మక మీరు నష్టపోయారా?

ట్రేడర్: ఒకసారా, రెండుసార్లా! 2021 నవంబరులో బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దాకా వెళ్లింది. లక్ష అవగానే అమ్మేద్దాం అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి 16 వేల కిందికి వచ్చింది. ఆ లక్ష నేను లెక్క వేసుకున్నది కాదు. అందరూ అంటున్నారని నేనూ అనుకున్నాను, అంతే.

యాంకర్: 2024 డిసెంబరులో లక్ష దాటింది కదా?

ట్రేడర్: దాటింది. అప్పటికి నా దగ్గర ఏమీ లేదు. 2022లో భయపడి అడుగున అమ్మేశాను. (నవ్వులు)

విశ్లేషకురాలు: సార్ నవ్వించారు గానీ చాలామంది కథ ఇదే. అందుకే కొనకముందే, ఏ టెన్షనూ లేనప్పుడే, ఎంత పడితే బయటికి రావాలో, ఎంత పెరిగితే ఎంత అమ్మాలో కాగితం మీద రాసుకోమంటాను.

యాంకర్: ఎంత పడితే రావాలి మేడమ్?

విశ్లేషకురాలు: దానికంటే ముందు ఎంత కొనాలో తేలాలి. ఒక్క ట్రేడ్‌లో మొత్తం పెట్టుబడిలో 1 శాతానికి మించి పోకూడదని హద్దు పెట్టుకున్నారనుకోండి. 10,000 డాలర్లుంటే పోగొట్టుకోగలిగింది 100. స్టాప్‌లాస్, అంటే ధర ఇంత పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డర్, కొన్న ధరకు 20 శాతం కింద పెడితే, కొనాల్సింది 500 డాలర్లకే. ఇంత తక్కువా అనిపించి స్టాప్‌ని 4 శాతానికి జరిపి 2,500 పెడతారు. క్రిప్టోలో 4 శాతం ఊగడం రోజూ ఉండేదే. స్టాప్ తగిలి మనం బయటపడతాం, తర్వాత ధర పైకి పోతుంది.

ట్రేడర్: స్టాప్ పెట్టాం కదా అని నిశ్చింతగా పడుకోవడానికీ లేదు. 2020 మార్చి 12న బిట్‌కాయిన్ ఒక్కరోజులో దాదాపు 40 శాతం పడింది. ఇంతకంటే తక్కువకు అమ్మొద్దని చెప్పే స్టాప్ లిమిట్ ఆర్డరైతే, అలాంటి రోజున ధర ఆ హద్దును దాటి కిందికి జారిపోతే అమ్ముడవకుండా అలాగే ఉండిపోతుంది. దొరికిన ధరకు అమ్మేసే స్టాప్ మార్కెట్ ఆర్డరైతే అమ్ముడవుతుంది, కానీ మనం అనుకున్న ధరకు కాదు.

యాంకర్: లెవరేజ్, అంటే అప్పు మీద ఎక్కువ కొనే వీలు, తీసుకుంటే?

విశ్లేషకురాలు: పది రెట్లు తీసుకుంటే ధర 10 శాతం ఎదురు తిరిగేలోపే ఎక్స్ఛేంజ్ మీరు కొన్నదాన్ని తానే అమ్మేసి మీ పొజిషన్ మూసేస్తుంది. ఎప్పుడు అమ్మాలన్న నిర్ణయం ఇక మీ చేతిలో ఉండదు.

యాంకర్: సరే, లాభంలో ఉంటే?

ట్రేడర్: రెట్టింపు కాగానే సగం అమ్ముతాను. పెట్టిన డబ్బు వచ్చేస్తుంది, మిగతాది ఉచితంగా వచ్చినట్టే.

విశ్లేషకురాలు: ఆ మాట నేను ఒప్పుకోను. మిగతా సగం కూడా మీ డబ్బే. ఉచితం అనుకున్న రోజునుంచి దాని మీద కాపలా తగ్గుతుంది.

ట్రేడర్: (కాసేపు ఆగి) నిజమే, తగ్గింది.

విశ్లేషకురాలు: ఇంకో సంగతి. అమ్మడానికి ధర ఒక్కటే గుర్తు కాదు. 2022 మేలో లూనా అనే క్రిప్టోను చూడండి. దానికి జోడీ కాయిన్ టెర్రాయూఎస్‌డీ ధర ఎప్పుడూ ఒక డాలరు దగ్గర నిలబడుతుందన్న నమ్మకం మీదే లూనా నడిచింది. టెర్రాయూఎస్‌డీ ఆ డాలరు తప్పి మళ్లీ అందుకోలేకపోయినప్పుడే లూనాను ఉంచుకోవడానికి కారణం పోయింది. చాలామంది మాత్రం '80 శాతం పడింది, ఇంకేం పడుతుందిలే' అని కూర్చున్నారు. 80 శాతం పడ్డది 90కి చేరిందంటే, మిగిలినదాంట్లో మళ్లీ సగం పోయినట్టు. నెల మొదట్లో 80 డాలర్ల పైన ఉన్న లూనా, నెల సగమయ్యేలోపే సెంటు కూడా చేయలేదు.

యాంకర్: మరి సార్, ఇప్పుడు మీ అమ్మకం ధర కాగితం మీద ఉందా?

ట్రేడర్: ఉందండీ. పోయిన నెల కొట్టేసి కొత్తది రాశాను.

విశ్లేషకురాలు: పైకా, కిందికా?

ట్రేడర్: ...పైకే.